చూశారు, చూసి తప్పుకుని వెళ్ళిపోయారు: భైరవపాలెం తూర్పున ఇంజిన్ పట్టేసిన బోటు కేసు

కాకినాడ నుంచి వేటకెళ్ళిన ఒక బోటు నవంబర్ నెలలో ఇంజిన్ పట్టేసి ఒక మధ్యాహ్నం నుంచి మర్నాడు పొద్దున్న దాకా సముద్రంలో కొట్టుకుపోయింది. మనుషులు ఏడుగురు, అందరూ క్షేమంగా వచ్చేశారు, అందుకే బయట పెద్దగా ఎవరికీ తెలీదు. ఈ మధ్యలో మూడు షిప్పులు వాళ్ళ పక్కనుంచే వెళ్ళాయి, నాలుగోది ఆగింది. నాలుగోది ఎందుకు ఆగిందో ఎలాగూ చెప్తాను గానీ, మొదటి మూడూ ఎందుకు ఆగలేదన్నదే నా దృష్టిలో అసలు కేసు. ఎందుకంటే మన తీరంలో ఏ పాలెంలో అడిగినా దీని మీద ఒకటే మాట వినపడుతుంది, "షిప్పోడు సూసినా ఆగడండి, ఆడికి మనం లెక్కలో లేం".

నేను చాలా ఏళ్ళు కార్గో షిప్పుల్లో డెక్ ఆఫీసర్‌గా చేసి ఇప్పుడు కాకినాడలో సరంగులకి, అంటే బోటు కెప్టెన్లకి, ఇంజిన్ చూసే డ్రైవర్లకి సేఫ్టీ ట్రైనింగ్ ఇస్తున్నాను, కాబట్టి సాయం కోసం బోటులోంచి లైట్లు ఊపే వైపూ తెలుసు, ఆ లైట్లు బ్రిడ్జి మీంచి, అంటే షిప్పుని నడిపే గదిలోంచి, ఎలా కనపడతాయో కూడా తెలుసు. ఈ కేసుకి సరంగుతో, డ్రైవర్‌తో విడివిడిగా మాట్లాడాను, డబ్బు కడితే షిప్పుల పాత ఏఐఎస్ ట్రాకులు, అంటే షిప్పు తనెక్కడుందో రేడియోలో తనంతట తాను పంపే వివరాలతో గీసిన దారులు, దొరుకుతాయి, అవి తీసి వాళ్ళు చెప్పిన టైములతో పోల్చాను, ఆగిన షిప్పు ఆఫీసర్‌తో ఫోన్లో మాట్లాడాను. పేర్లు, బోటు నంబరు రాయట్లేదు. ఇకపోతే మైలు అని రాసిన ప్రతిచోటా నాటికల్ మైలే, అంటే 1.85 కిలోమీటర్లు.

బోటు సంగతి

40 అడుగుల చెక్క బోటు, పైన ఫైబర్ కోటింగ్, తెలుపు నీలం రంగులు. గోదావరి సముద్రంలో కలిసే భైరవపాలెం మొగకి తూర్పున ఒక 25 మైళ్ళ దూరంలో ఉండగా నీళ్ళు లాగే పైపుకి ప్లాస్టిక్ కవరు అడ్డం పడింది, ఇంజిన్ వేడెక్కి పట్టేసింది. డ్రైవర్ ఆ కవరు తీసి మళ్ళీ మళ్ళీ స్టార్ట్ కొట్టాడు, ఇంజిన్ తిరగలేదు గానీ బ్యాటరీ దిగిపోయింది. ఆ ఒక్క బ్యాటరీ మీదే లైట్లు, వైర్‌లెస్ అన్నీ ఉన్నాయి, దాంతో వైర్‌లెస్ కూడా పోయింది. ఫోన్లకి సిగ్నల్ లేదు, అంత దూరంలో ఉండదు కూడా. లంగరు వేద్దామంటే గోదావరి ఎదురుగా సముద్రం చాలా త్వరగా లోతైపోతుంది, అక్కడ వాళ్ళ తాడు అడుగుకి అందే ప్రశ్నే లేదు.

ఇక్కడ చాలామంది అనుకునేది ఒకటుంది, ఎలాగో కొట్టుకొచ్చి ఒడ్డున పడతాం కదా అని. నవంబర్లో ఈశాన్యం గాలి, నీటి లాగుడు కూడా నైరుతి వైపే, మన తీరం కూడా భైరవపాలెం దాటాక అంతర్వేది, నరసాపురం మీదుగా అటే వంపు తిరిగి ఉంటుంది, కాబట్టి బోటు ఒడ్డుతో పాటే పక్కనే జారుకుంటూ పోతుంది తప్ప ఒడ్డుకి రాదు. పైగా వీళ్ళది వారం రోజుల వేట. ఇంటి దగ్గర ఎవరికీ అనుమానం రావడానికే ఇంకా నాలుగైదు రోజులు పడుతుంది. అంటే వీళ్ళని ఎవరూ వెతకట్లేదు, వెతికే అవకాశం కూడా లేదు. దారిన పోయే షిప్పు ఏదో ఒకటి వీళ్ళని గమనించాలి, అంతే.

డాట్ ఉంది కదా అంటారా, ఉంది. ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్, బటన్ నొక్కితే శాటిలైట్ ద్వారా కోస్ట్ గార్డ్ రెస్క్యూ సెంటర్‌కి మెసేజ్ పోతుంది. అది ఓనరుగారి ఇంట్లో బీరువాలో ఉంది, బోటులో ఉంటే ఎవరైనా పట్టుకుపోతారని. దీని గురించి చివర్లో చెప్తాను.

మొదటి షిప్పు

సాయంత్రం ఐదు దాటాక, పొద్దు గుంకడానికి కాస్త ముందు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోతున్న బల్క్ క్యారియర్, అంటే బొగ్గు, ధాన్యం లాంటి విడి సరుకు మోసే షిప్పు, బోటుకి తూర్పున రెండున్నర మైళ్ళ దూరంలో వెళ్ళింది. అందరూ డెక్కు మీద నిలబడి తువ్వాళ్ళు, చొక్కాలు ఊపారు, అరిచారు. ట్రాక్ చూస్తే గీసిన గీతలా ఉంది, ఒక్క డిగ్రీ కూడా కదల్లేదు.

వీడు మాత్రం నిజంగానే చూసి ఉండడు. బోటు పడమట ఉంది, సూర్యుడు కూడా పడమటే, నీటికి ఆనుకుని ఉన్నాడు. బ్రిడ్జి మీంచి అటు చూస్తే సముద్రమంతా కరిగిన ఇత్తడి రంగులో మెరుస్తూ ఉంటుంది, అందులో తెల్ల బోటు, దాని మీద మనుషులు, వాళ్ళ చేతుల్లో తువ్వాళ్ళు, నాలుగున్నర కిలోమీటర్ల దూరం. ఏం కనపడుతుంది? మరి రాడార్ లేదా అంటే, చెక్క గానీ ఫైబర్ గానీ రాడార్ కిరణాన్ని సరిగా తిప్పి పంపవు, పైగా ఈశాన్యం గాలికి లేచిన అలలన్నీ తెర మీద చుక్కలు చుక్కలుగా పడుతుంటే ఆఫీసర్ ఆ గోల తగ్గించడానికి క్లట్టర్ నాబ్ తిప్పుతాడు, ఆ చుక్కలతో పాటే చిన్న బోటు చుక్క కూడా మాయమైపోతుంది. ఏఐఎస్ అంటారా, వీళ్ళకి లేదు. అంటే షిప్పు వైపు నుంచి చూస్తే ఆ సాయంత్రం అక్కడ ఏ బోటూ లేదు.

రెండో షిప్పు, అసలు గొడవంతా ఇక్కడే

రాత్రి తొమ్మిదింటికి దక్షిణం నుంచి వస్తున్న షిప్పు, దాదాపు బోటు మీదకే. ఈసారి వీళ్ళు సిద్ధంగా ఉన్నారు. రెండు ఎల్ఈడీ టార్చిలు, ఫోన్ లైట్లు, అన్నీ పట్టుకుని అడ్డంగా ఊపడం మొదలుపెట్టారు. వల బోయలకి కట్టే మిణుకు లైట్లు, అవే సెల్లుతో వెలిగే రంగురంగులవి, అవి కూడా తెచ్చి కర్రకి కట్టారు, ఎక్కువ లైట్లుంటే బాగా కనపడతాం కదా అని.

సరంగు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. "ఆయ్, సూసేడండి. సూడలేదని నేనొప్పుకోను. మేం లైటూపగానే ఆడు కుడికి తిప్పేడండి, మాకు ఎర్ర లైటు ఒక్కటే కనపడింది, అలా దూరంగా పక్కనించి ఎల్లిపోయి మళ్ళీ దారిలో పడిపోయేడండి. మనిషన్నోడు సేసే పనేనా అండీ అది?"

ట్రాక్ తీశాను. సరంగు చెప్పింది అక్షరాలా నిజం. ఐదు మైళ్ళ ముందే 20 డిగ్రీలు కుడికి, అంటే సముద్రం లోపలి వైపుకి తిరిగాడు, బోటు దాటాక మళ్ళీ పాత దారికి వచ్చాడు.

ఇప్పుడు ఆ బ్రిడ్జి మీద ఎవరున్నారో చెప్తాను. రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు మామూలుగా థర్డ్ మేట్ వాచ్, అంటే డ్యూటీ, ఆఫీసర్లందరిలోకి చిన్నవాడు, పక్కన చుట్టూ కనిపెట్టి చూసే ఒక లుక్‌ఔట్. షిప్పెక్కిన దగ్గర్నుంచి మనదేశం తీరం గురించి సీనియర్లు వాడికి నేర్పే మొదటి పాఠం ఏంటంటే, ఎదర తెల్ల లైటు ఊపుతున్నారంటే అక్కడ వల ఉంది, దూరం నుంచే తప్పుకో. నాకూ అదే నేర్పారు, నా తర్వాత వచ్చినవాళ్ళకి నేనూ అదే నేర్పాను. అది అబద్ధం కూడా కాదు, మనవాళ్ళు ప్రతి రాత్రీ చేసేది అదే, వల మీదకి షిప్పు వస్తుంటే టార్చి ఊపుతారు, "అటెళ్ళు, అటెళ్ళు" అని. రోడ్డు మీద ఎర్ర గుడ్డ ఊపితే ఎవరైనా పని జరుగుతోందని పక్కనుంచి పోతారు గానీ ఆగి దిగి అడగరు కదా, ఇదీ అంతే. పైగా మిణుకు లైట్లు కూడా పెట్టారు, వల ఉందనడానికి ఇంకేం కావాలి. ఆ కుర్రాడు చాలా మర్యాదగా, చాలా ముందుగా, రూల్స్ ప్రకారం దారి వదిలి వెళ్ళాడు. ఆ రాత్రి వాచ్ అయ్యాక లాగ్ బుక్కులో కూడా చేపల బోట్లని దాటాం అనే రాసుంటాడు.

ఆపదలో ఉన్నవాళ్ళని చూసి వదిలేశాడన్న కోపం నాకు అర్థమవుతుంది. కానీ సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళ గురించి తెలిస్తే వెళ్ళి సాయం చెయ్యడం షిప్పు కెప్టెన్‌కి చట్టప్రకారం బాధ్యత, సోలాస్ అనే అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం ఐదో చాప్టర్ 33వ రెగ్యులేషన్‌లో ఉంది అది, ఎగ్గొడితే కెప్టెన్ ఉద్యోగానికే ఎసరు. తెలిసి వదిలేసేవాడు ఎక్కడో ఒకడుండొచ్చు గానీ మనం రోజూ చూసేది అది కాదు. వీళ్ళు పంపిన కబురు అవతలివాడికి చేరింది, కానీ చేరిన కబురు "మా దగ్గరకి రావద్దు" అని.

అదే టార్చి, అవే చేతులు. ఊపకుండా షిప్పు బ్రిడ్జి వైపు నిలకడగా పట్టుకుని మూడు పొట్టివి, మూడు పొడుగువి, మళ్ళీ మూడు పొట్టివి వెలిగించి ఆర్పి ఉంటే అది ఎస్ఓఎస్. ఏ దేశం వాడైనా, ఎంత చిన్నవాడైనా సరే, అది చూశాక వల అనుకోడు. షిప్పులు ఢీకొనకుండా పెట్టుకున్న 1972 నాటి కొలిషన్ రూల్స్‌లో 37వ రూలు కింద నాలుగో అనెక్స్ అని ఒకటుంది, ఆపదని చెప్పే గుర్తులన్నీ అందులో వరసగా ఉంటాయి, ఎస్ఓఎస్ కూడా ఉంది. టార్చి అడ్డంగా ఊపడం ఆ లిస్టులో ఎక్కడా లేదు.

మూడో షిప్పు

తెల్లవారుజామున మూడు ప్రాంతం. ఈసారి వీళ్ళు మంట పెట్టారు. పాత గుడ్డలు డీజిల్లో ముంచి ఒక ఇనప డబ్బాలో వేసి ముందు భాగంలో అంటించారు. మంట కూడా నాలుగో అనెక్స్‌లో ఉన్న గుర్తే, తారు పీపా తగలబెట్టినట్టు అని రాసుంటుంది, పాతకాలం రూలు. ఫైబర్ కోటింగ్ ఉన్న బోటు మీద డీజిల్ మంట పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు, ట్రైనింగ్‌లో గట్టిగా వద్దనే చెప్తాను, కానీ ఆ రాత్రి వాళ్ళని తప్పుపట్టను.

ఇక్కడ పోయింది టైము దగ్గర. మంట ఐదారు నిమిషాలే ఉంటుందని, షిప్పు బాగా దగ్గరకొచ్చాక అంటిద్దామని ఆగారు. షిప్పు సరిగ్గా పక్కకి వచ్చాక, మైలున్నర దూరంలో, అంటించారు. దగ్గరగా ఉంది కాబట్టి బాగా కనపడుతుందనేది మన లెక్క. కానీ బ్రిడ్జి మీద మనిషి చూసేది ముందుకి, పక్కకి వచ్చేసిన వస్తువు అతని లెక్కలో దాటిపోయినట్టే. పన్నెండు నుంచి నాలుగు సెకండ్ మేట్ వాచ్, అది నేను ఏళ్ళ తరబడి చేసిన వాచ్, ఆ టైములో ఒకసారి పక్కకి దాటిపోయినదాన్ని వెనక్కి తిరిగి చూడాలన్న ఆలోచనే రాదు, చార్టు దిద్దుకునే పనులు కూడా ఆ టైముకే పెట్టుకుంటాం.

ఎప్పుడు మొదలుపెట్టాలో షిప్పు లైట్లే చెప్తాయి. 50 మీటర్లు దాటిన షిప్పుకి మాస్టు మీది తెల్ల లైట్లు కనీసం 6 మైళ్ళకి, పక్కనుండే ఎరుపు, పచ్చ లైట్లు కనీసం 3 మైళ్ళకి కనపడాలని రూలు. ముందు మాస్టు లైటు కిందకి, వెనకది పైకి ఉంటాయి, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చాయంటే ముక్కు మన వైపే ఉందని. ఎరుపు, పచ్చ రెండూ ఒకేసారి కనపడితే మరీ ఖాయం. 14 నాట్ల, అంటే గంటకి 14 మైళ్ళ, స్పీడుతో వచ్చే షిప్పుకి 6 మైళ్ళు 26 నిమిషాల దారి, 3 మైళ్ళు 13 నిమిషాలు. ఆ 26 నిమిషాల్లో మొదలుపెట్టి, అతను నిన్ను చూడాలి, అనుమానపడాలి, బైనాక్యులర్ తియ్యాలి, కెప్టెన్‌ని లేపాలి, స్పీడు తగ్గించాలి. పెద్ద షిప్పు బ్రేకేస్తే ఆగేది కాదు, ఆగడానికే మైలు పైన పడుతుంది. దాటి పోయాక చేసేదంతా మన తృప్తికి చేసుకోవడమే.

డ్రైవర్ మాట

మూడోది కూడా వెళ్ళిపోయాక బోటులో కాసేపు ఎవరూ మాట్లాడలేదట. తర్వాత డ్రైవర్ అన్నాడు, "మావా, ఇంక లైట్లూపద్దు". ఈ డ్రైవర్ కుర్రాడు అంతకుముందు కొన్నాళ్ళు సముద్రంలో ఉండే ఆయిల్ రిగ్గులకి మనుషుల్ని తీసుకెళ్ళే క్రూ బోటులో డెక్కు మీద పనిచేశాడు. అక్కడ రాత్రిపూట ఎదర టార్చి కనపడగానే కెప్టెన్ "వలలున్నాయి, తిప్పు తిప్పు" అనడం చాలాసార్లు విన్నాడు. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు, ఇప్పుడు గుర్తొచ్చింది. నేను ఈ కేసంతా తవ్వి పట్టుకున్నది ఆ కుర్రాడు ఆ చీకట్లో కూర్చునే పట్టుకున్నాడు.

తెల్లారేలోపు వాళ్ళు చేసిన పనులు ఇవి. మిణుకు లైట్లన్నీ తీసేశారు. వీల్ హౌస్ మీద కప్పిన నీలం టార్పాలిన్ లాగేశారు, సముద్రం మీద నీలం రంగు కప్పుకుని కనపడాలనుకోవడం ఏంటని. సరుగుడు గెడకి రెండు నూనె డబ్బాలు కట్టారు, అవే 15 కేజీల రేకు డబ్బాలు, ఒక పక్క రేకు కోసేసి, నోరు రెండు వైపులకీ ఉండేలా. రాడార్‌కి గుండ్రటి డేగిసా పెద్దగా కనపడదు, మూడు రేకులు మూలగా కలిసే చోటు కావాలి, డబ్బా లోపలి మూలలు సరిగ్గా అవే. ఇది డ్రైవర్‌కి తెలిసి చేశాడా అంటే లేదు, క్రూ బోటు మాస్టు మీద మూలలు మూలలుగా ఉండే రిఫ్లెక్టర్ చూశాడు, దానికి దగ్గరగా ఉండేది బోటులో ఇదొకటే.

ఆఖరుది, అందరూ లైఫ్ జాకెట్లు వేసుకున్నారు. అవి కవర్లు కూడా విప్పకుండా వీల్ హౌస్‌లో తలగడల్లా వాడుతున్నారు అప్పటిదాకా.

నాలుగో షిప్పు

ఉదయం ఎనిమిది దాటాక. అప్పటికి బోటు రాత్రంతా నైరుతికి జారి దాదాపు 18 మైళ్ళు కిందకి వచ్చేసింది. ఆయిల్ ఫీల్డు నుంచి కాకినాడకి తిరిగి వస్తున్న సప్లై వెసల్, అంటే రిగ్గులకి సామాను చేరవేసే షిప్పు, ఒకటి ఆగ్నేయం నుంచి వచ్చింది. ఎండ ఈసారి షిప్పు వెనకనుంచి వచ్చి బోటు ముఖాన పడుతోంది, ముందు రోజు సాయంత్రానికి పూర్తిగా తిరగేసినట్టు.

సరంగు గడ్డం గీసుకునే అద్దం పగిలిన ముక్క ఒకటుంది. డ్రైవర్ దాన్ని ఒక చేత్తో కంటి దగ్గర పెట్టుకుని, రెండో చెయ్యి ముందుకి చాపి రెండు వేళ్ళు విడదీసి ఆ సందులో షిప్పుని పెట్టుకుని, అద్దం మెరుపు ఆ వేళ్ళ మీద పడేలా అటూ ఇటూ ఆడించాడు. మెరుపు వేళ్ళ మీద ఆడుతోందంటే షిప్పు మీద కూడా ఆడుతున్నట్టే. ఇది తెలియకుండా అద్దం పట్టుకుని ఊరికే తిప్పితే మెరుపు ఆకాశంలోకో నీళ్ళలోకో పోతుంది. వీల్ హౌస్ పైకప్పు మీద సరంగు నిలబడి రెండు చేతులూ పక్కలకి చాపి మెల్లగా పైకెత్తి మెల్లగా దించాడు, మళ్ళీ ఎత్తాడు. ఒక చెయ్యి ఊపితే టాటా అనుకుంటారు, రెండు చేతులూ పక్కలనుంచి మెల్లగా పైకీ కిందకీ అయితే ఆపద, ఇదీ అనెక్స్‌లో ఉన్నదే.

ఆఫీసర్ ఫోన్లో నాకు చెప్పింది ఇది. రాడార్లో ఎదర నాలుగు మైళ్ళ దగ్గర ఒక చుక్క నిలకడగా వచ్చింది, చేపల బోటు అనుకుని కోర్సు కొంచెం మార్చబోయాడు. ఈ లోపు అద్దం మెరుపు, ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ బ్రిడ్జి అద్దాల మీదే. వల కాసుకునేవాళ్ళు అద్దం కొట్టరు, అది అతనికి కొత్తగా అనిపించి బైనాక్యులర్ తీశాడు. చేతులు చూశాడు. అయినా పూర్తిగా నమ్మకం కలగలేదట, నమ్మకం కలిగించింది ఇంకోటి. "సర్, అందరూ లైఫ్ జాకెట్లు వేసుకుని ఉన్నారు. వేటలో లైఫ్ జాకెట్ వేసుకున్న బోటు నేను ఇంతవరకు చూడలేదు, అందుకే ఏదో అయిందనుకున్నాను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, బాధా అనిపించింది, కానీ అతను అన్నది నిజమే.

తర్వాతదంతా మామూలే. స్పీడు తగ్గించి దగ్గరకొచ్చి నీళ్ళు, తిండి ఇచ్చారు, వీహెచ్ఎఫ్ రేడియోలో కోస్ట్ గార్డ్‌కి చెప్పారు, మధ్యాహ్నానికి ఇంకో పెద్ద బోటు వచ్చి తాడేసి కాకినాడ లాక్కొచ్చింది.

తర్వాత మేం చూసుకున్నది

కాకినాడ యాంకరేజ్‌లో షిప్పులు లంగరేసుకుని ఉంటాయి, బార్జిల్లో సరుకు ఎక్కిస్తుంటారు, అక్కడ ఒక షిప్పులో నాకు తెలిసిన ఆఫీసర్ ఉంటే పోర్టు కంట్రోల్‌కి ముందే చెప్పి ఇదే బోటుని రాత్రిపూట కాస్త దూరంలో నిలబెట్టి చూశాం. ముందు టార్చి ఊపారు, తర్వాత నిలకడగా పట్టి ఎస్ఓఎస్ కొట్టారు. బ్రిడ్జి మీద నా పక్కన సరంగుని నిలబెట్టాను, ఇది చూడాల్సింది ఆయనే కదా. ఊపే లైటు ఊరి దీపాల్లోనూ మిగతా బోట్ల లైట్లలోనూ కలిసిపోయింది, నిలకడ లైటు కొట్టడం మొదలుపెట్టగానే ఆయనే వేలు పెట్టి చూపించాడు, "అదిగోండి, అది మనోడు". నూనె డబ్బాలు కట్టినప్పుడు రాడార్ తెర మీద చుక్క నిలబడింది, విప్పితే వస్తూ పోతూ ఉంది. డబ్బాతో సరిపెట్టుకోమని కాదు, కొనే రిఫ్లెక్టర్ దీనికన్నా చాలా మెరుగు, గెడ ఎంత ఎత్తుంటే అంత మంచిది.

ఫ్లేర్ల గురించి, అంటే ఆపదలో వెలిగించే ఎర్ర మంట గొట్టాల గురించి, అందరూ అడుగుతారు. పారాచూట్ రాకెట్ 300 మీటర్ల ఎత్తుకి పోయి ఎర్రగా వెలుగుతూ కనీసం 40 సెకన్లు దిగుతుంది, చేతిలో పట్టుకునేది ఒక నిమిషం వెలుగుతుంది. షిప్పు కనపడకుండా రాకెట్ వదలడం దండగ. కనపడ్డాక ఒకటి వదిలి, అది ఆరగానే రెండోది వదలాలి, మొదటిది చూసినవాడు "నిజంగా చూశానా" అనుకుంటూ ఉంటాడు, రెండోదానికి దిక్కు పట్టుకుంటాడు. దగ్గరకొచ్చాక చేతి ఫ్లేర్, అది కూడా గాలి పోయే వైపు బోటు బయటకి చాపి పట్టుకోవాలి, లేకపోతే నిప్పురవ్వలు డెక్కు మీదే పడతాయి. దీపావళి తారాజువ్వలు సరిపోవా అని ఒకాయన అడిగారు. కార్తీక మాసంలో మన తీరంలో రంగు జువ్వ లేస్తే షిప్పోడు ఏమనుకుంటాడో మీరే చెప్పండి.

నన్నడిగితే అన్నిటికన్నా ముందు కొనాల్సింది చేతిలో పట్టుకునే వీహెచ్ఎఫ్, దాని బ్యాటరీ దానికే ఉంటుంది, ఇంజిన్ బ్యాటరీతో సంబంధం లేదు. 5 వాట్లదే అయినా షిప్పు యాంటెన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి కంటికి కనపడే షిప్పుకి హాయిగా అందుతుంది. ఛానెల్ 16లో పెట్టాలి, బోట్ల వాళ్ళు కబుర్లాడుకునే ఛానెల్లో ఎంత అరిచినా షిప్పు వినదు. మాటలు కూడా కాగితం మీద రాయించి వీల్ హౌస్‌లో అంటించాం: "మేడే, మేడే, మేడే, ఫిషింగ్ బోట్," బోటు పేరు మూడుసార్లు, జీపీఎస్ అంకెలు, "ఇంజిన్ ఫెయిల్, సెవెన్ పర్సన్స్, నీడ్ హెల్ప్". మేడే అంటే ప్రాణం మీదకి వచ్చిందని. ఇంజిన్ ఒక్కటే పోతే ఇంకా ప్రాణం మీదకి రాలేదు కాబట్టి రూలు ప్రకారం అదే కాగితంలో మేడే బదులు ప్యాన్ ప్యాన్, అంటే అర్జెంటు అని, చదవాలి. తాగే నీళ్ళు అయిపోవస్తున్నా, బోటులోకి నీరొస్తున్నా, వాతావరణం చెడుతున్నా మేడే అనండి, ఎవరూ తప్పుపట్టరు. ఇంగ్లీషు రాదని మొహమాటపడే సరంగులు చాలామంది ఉన్నారు, ఆ మొదటి మాట మూడుసార్లు, జీపీఎస్ అంకెలూ చెప్తే చాలు, మిగతాది షిప్పువాడే అడుగుతాడు, హిందీ తెలిసినవాడు కూడా చాలాసార్లు దొరుకుతాడు. ఫోన్ సిగ్నల్ ఉన్నంత మేర అయితే కోస్ట్ గార్డ్ నంబరు 1554, దీనికి డబ్బులు పడవు.

ఈ శిక్షణంతా మేం వేట నిషేధంలో పెట్టుకుంటున్నాం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సరంగులు ఒడ్డునే ఉంటారు, మిగతా రోజుల్లో పిలిస్తే ఎవరూ రారు, రాలేరు కూడా. ఎస్ఓఎస్ మాత్రం ఇంట్లో పిల్లలతో కలిసి టార్చి మీద నేర్చుకోమన్నాను, పెద్దాళ్ళకన్నా వాళ్ళే త్వరగా పట్టుకుంటున్నారు.

ఇక డాట్. 2010 నుంచి వాడుకలో ఉన్న మొదటి రకంలో బటన్ నొక్కితే అవతల చేరిందో లేదో తెలిసేది కాదు, 2024లో వచ్చిన కొత్త రకంలో చేరిందని తిరిగి కబురొస్తుంది, ప్రభుత్వం లక్ష బోట్లకి ఇవ్వాలనుకున్న ట్రాన్స్‌పాండర్లు, అంటే బోటు ఎక్కడుందో శాటిలైట్ ద్వారా తెలిపే పరికరాలు, కూడా ఉన్నాయి. సామాను కొరత రానురాను తగ్గుతోంది, కానీ బీరువా తాళం గొడవ అలాగే ఉంది. ఈ బోటు ఓనరుగారితో దీని మీద చాలాసేపు వాదన అయింది. ఆయన బాధ కూడా నిజమే, సరంగులు సీజన్ మధ్యలో బోట్లు మారిపోతారు, సామాను ఎవరి దగ్గరుందో తేలదు, పోతే మళ్ళీ ఇచ్చేవాళ్ళు ఉండరు. చివరికి ఒప్పుకున్నది ఏంటంటే, డీజిల్, ఐసు పద్దు రాసే పుస్తకంలోనే డాట్, వీహెచ్ఎఫ్, ఫ్లేర్లు కూడా ఒక వరసలో రాసి, వెళ్ళేటప్పుడు సరంగు సంతకం, దిగాక ఓనరు సంతకం. ఫ్లేర్ల మీద వేసే ఎక్స్‌పైరీ నెల కూడా అదే వరసలో. మొదటి నెల సరంగు కొంచెం నసిగాడు, దొంగతనం అంటగడుతున్నట్టుంది అని, ఇప్పుడు ఆ సంతకం లేకుండా ఐసు కూడా ఎక్కించట్లేదు.